“నడిచే దయ్యం” వచ్చాడా, వచ్చిందా?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. ఒక్క మాట దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాను.

మా నాన్నకు డెబ్బై దాటాయి. విశాఖలో చదువుకునే రోజుల్లో అద్దె పుస్తకాల కొట్టు నుంచి తెచ్చుకుని చదివిన ఇంగ్లీషు ఇంద్రజాల్ కామిక్స్ ఆయనకు ఇప్పటికీ బొమ్మలతో సహా గుర్తే. వాటిలోని ముసుగు వీరుడు ఫాంటమ్ మీద 2009లో తీసిన రెండు భాగాల టీవీ కథ ఒకటుందని తెలిసి, చూద్దామన్నారు. చెవులు సరిగా వినబడవు. అందుకని తెర అడుగున తెలుగు మాటలు నేనే రాసిపెడతానని ఒప్పుకున్నాను.

ఫాంటమ్‌కు ఉన్న బిరుదు మీకు తెలిసిందే: “ది గోస్ట్ హూ వాక్స్”. “నడిచే దయ్యం” అని రాసుకుని, తర్వాతి వాక్యానికి వెళ్ళాను. “నడిచే దయ్యం వచ్చింది” అని రాయాల్సి వచ్చింది. నాన్న చూసి, “వచ్చింది ఏమిటమ్మా? ఆరడుగుల మగవాడు!” అన్నారు. పోనీ “దయ్యం వచ్చాడు” అందామంటే చదవగానే నాకే నవ్వు వచ్చింది. ఏం చేయమంటారు?

మాస్టారు

అమ్మా, చిక్కు దయ్యంలో లేదు, మన వ్యాకరణంలో ఉంది. ఇంగ్లీషు బిరుదులో బరువంతా “హూ” అన్న చిన్న మాట మోస్తోంది. అది మనుషులకు వాడే మాట. దయ్యమే కానీ మనిషి, అని ఆ ఒక్క మాటతో తేల్చేశారు. మన “నడిచే”కి ఆ శక్తి లేదు. నడిచే మనిషికీ, నడిచే గడియారానికీ అదే “నడిచే”. ఇక దయ్యం అమహద్వాచకం, అంటే మనుషుల కోవలో చేరని మాట, కాబట్టి క్రియ “వచ్చింది” దగ్గరే ఆగుతుంది.

“డు” చేర్చడానికి వీలున్న మాట పట్టుకో. హిందీవాళ్ళు “వేతాళ్” అన్నారు. మనకు “వేతాళుడు” ఉన్నాడు, హాయిగా “వచ్చాడు” అనవచ్చు. అర్థం కూడా కుదురుతుంది. వేతాళుడంటే శవంలో దూరి దాన్ని ఆడించేవాడు. ఫాంటమ్ సంగతీ అలాంటిదే కదా? 1536లో మొదటివాడు ముసుగు వేసుకున్నాడు. తండ్రి పోగానే కొడుకు, అతని తర్వాత అతని కొడుకు, అలా మనం చదివినవాడు 21వ వాడు. లోకం దృష్టిలో మాత్రం నాలుగు వందల ఏళ్ళుగా ఒక్కడే. దేహాలు మారుతున్నాయి, లోపలివాడు మారడం లేదు.

ఖరగ్‌పూర్ నుంచి

మాస్టారూ, అర్థం కుదిరింది కానీ ఆ పేరు తెలుగువాడి చెవిన పడగానే చెట్టుకు తలకిందులుగా వేలాడే శవం కనబడుతుంది. చందమామ చదివి పెరిగినవాళ్ళం. బేతాళుడు తెర మీదికి రాగానే ఇప్పుడు కథ చెబుతాడు, ప్రశ్న అడుగుతాడు, జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందని ఎదురుచూస్తాం. పైగా ఆ కథలో నడిచేది విక్రమార్కుడు. బేతాళుడు దర్జాగా భుజం మీద పడుకుని వెళతాడు!

మా రైల్వే కాలనీలో తెలుగు పిల్లలం ఫాంటమ్‌ను బెంగాలీలోనే చదివాం. అక్కడ అతని పేరు “అరణ్యదేవ్”. అడవి దేవుడు. దయ్యం ఊసే లేదు.

మాస్టారు

ఓడిపోయాను, వేతాళుణ్ణి వెనక్కి తీసుకుంటున్నాను. విక్రమార్కుడు నడిచే మాట ఇన్నేళ్ళుగా నాకు తట్టలేదు.

అయితే మీరు చెప్పిన అరణ్యదేవ్ దగ్గర ఒక తమాషా ఉంది. “దయ్యం” ఎక్కడి నుంచి వచ్చింది? “దైవం” నుంచే. దానికి వికృతి ఇది. పాత కావ్యాల్లో “దయ్యము” అంటే దేవుడు, విధి కూడా. తర్వాత తర్వాత దేవుడు “దైవం” పక్కకు వెళ్ళిపోయి, చెట్టు మీదిది మాత్రం “దయ్యం”లో మిగిలింది. హిందీవాళ్ళు ఒక కొస పట్టుకున్నారు, బెంగాలీలు రెండో కొస. మన పాత తెలుగులో ఆ రెండు కొసలూ ఒకే మాటలో ఉండేవి. కంచి పరమాచార్యను భక్తులు “నడిచే దేవుడు” అని పిలుచుకున్నారు. పుట్టుకను బట్టి చూస్తే “నడిచే దయ్యం” కూడా అదే మాట. ఇది తెర అడుగున రాయడానికి పనికిరాదు, ఊరికే చెప్పాను.

హైదరాబాద్ నుంచి

అందరూ పాత ఫాంటమ్ గురించే మాట్లాడుతున్నారు. అక్కగారు రాస్తున్నది 2009 నాటి కథకు కదా. అందులో అడవి మనిషి లేడు. క్రిస్ మూర్ అని పెంపుడు ఇంట్లో పెరిగిన కుర్రాడు ఉంటాడు. తన అసలు పేరు కిట్ వాకర్ అని, తను 22వ ఫాంటమ్ కావాలని అతనికి పెద్దయ్యాక తెలుస్తుంది. గోడలు ఎక్కి మిద్దెలు దూకుతూ తిరిగే రకం. ఒంటికి అతుక్కున్న ఊదారంగు దుస్తులు, వాటి మీద చారల లాగు పోయాయి. వాటి స్థానంలో ప్రయోగశాలలో తయారైన కవచం వచ్చింది. నన్నడిగితే మంచి పనే చేశారు. ఒక తెల్లవాడు పుర్రె గుహలో సింహాసనం వేసుకుని, చుట్టూ ఉన్న నల్లవాళ్ళకు తరతరాలుగా న్యాయం చెప్పే కథను ఈ రోజుల్లో అలాగే తీస్తే ఎవరు ఒప్పుకుంటారు?

ప్రశ్న అడిగినవారు

తమ్ముడూ, ఆ మాట కాదనను. సృష్టికర్త లీ ఫాక్ కూడా కాదనలేదేమో. 1936 ఫిబ్రవరిలో మొదలుపెట్టినప్పుడు ఫాంటమ్ దేశం ఆసియాలో ఎక్కడో ఉండేది. తర్వాత మెల్లగా ఆఫ్రికాకు జరిగింది. జనం ఎన్నుకున్న లమాండా లువాగా అనే నల్లజాతి వైద్యుణ్ణి ఆ దేశానికి అధ్యక్షుణ్ణి చేశాడు. ఫాంటమ్ ప్రియురాలు డయానాకు ఐక్యరాజ్యసమితిలో ఉద్యోగం ఇచ్చాడు. 1977లో వాళ్ళిద్దరికీ పెళ్ళి కూడా చేశాడు. ఇంకో సంగతి: మొట్టమొదటి కథలో జిమ్మీ వెల్స్ అనే న్యూయార్క్ సంపన్న యువకుడే ఫాంటమ్ అని తేల్చాలనుకుని, మధ్యలో మనసు మార్చుకుని హీరోను అడవికి తోలాడు. అంటే టీవీవాళ్ళు కొత్తగా నగరానికి తెచ్చిందేమీ లేదు, వదిలేసిన చోటికే తీసుకొచ్చారు.

రంగు విషయమూ అంతే. ఫాక్ మనసులో ఉన్నది బూడిద రంగు. 1939లో ఆదివారం రంగుల పేజీ మొదలైనప్పుడు ఊదాగా అచ్చయింది. స్వీడన్‌లో నీలం. టర్కీలో ఎరుపు, అక్కడ పేరే “ఎర్ర ముసుగు”. మా నాన్న మాత్రం “వంగపండు బట్టలు ఏవీ?” అని మొదటి భాగం అంతా వెతుకుతూనే ఉన్నారు. ఊదా అనాలా, వంగపండు రంగు అనాలా అని నేను ముందుగా రాసిపెట్టుకున్న చర్చ వృథా అయింది.

ఖరగ్‌పూర్ నుంచి

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. ఇంద్రజాల్‌లో మార్చిన పేర్లు మీ నాన్నగారికి గుర్తున్నాయా? “బెంగాలీ” అన్న దేశం పేరును ఇక్కడివాళ్ళు “డెంకాలీ” చేశారు. “సింగ్” సముద్రపు దొంగలను “సింగా” చేశారు. 1996 సినిమాలోనూ ఒక అచ్చు మార్చి “సెంగ్” అన్నారు. ఎవరి భయం వారిది.

ప్రశ్న అడిగినవారు

గుర్తు లేకపోవడమా! నాన్నకు అన్నిటికంటే బాగా గుర్తున్నది ఇంకొకటి. 20వ ఫాంటమ్‌ను, అంటే మన ఫాంటమ్ తండ్రిని చంపినవాడి పేరు మూలంలో “రామా”. హంతకుడికి దేవుడి పేరు బాగుండదని ఇంద్రజాల్‌వాళ్ళు “రామలు” అని మార్చారు. నాన్న దాన్ని “రాములు” అనే చదివేవారట. వాళ్ళ వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్న పెద్దాయన పేరు రాములు. ఆ కథ చదివిన వారం రోజులు ఆ బండి వైపు వెళ్ళకుండా చుట్టు తిరిగి ఇంటికి వచ్చారట.

మాస్టారు

అబ్బ, ఇది కదా మాట! చూడండి ఏం జరిగిందో. దేవుణ్ణి తప్పించాలని “లు” తగిలించారు. తెలుగులో ఆ “లు” గౌరవ బహువచనం. రాముడు అంటే చనువు, రాములు అంటే, రాములవారు అంటే భక్తి. తెలుగు పాఠకుడి దగ్గరికి వచ్చేసరికి దేవుడు తప్పుకోలేదు సరికదా, శాలువా కప్పుకుని వచ్చి కూర్చున్నాడు. తెలుగు రాని సంపాదకుడు అక్షరం చేరిస్తే ఇలాగే ఉంటుంది.

అసలు ప్రశ్నకు వద్దాం. “నడిచే”ను కూడా అనుమానించాలి. మన దయ్యాలు నడుస్తాయా? “ఆ మర్రిచెట్టు దగ్గర దయ్యం తిరుగుతోంది” అంటాం. “దయ్యం పట్టింది” అంటాం. నడుస్తోందని ఎవరూ అనరు. “తిరిగే దయ్యం” అంటే సహజం.

ప్రశ్న అడిగినవారు

రాసి చూశాను మాస్టారూ. “తిరిగే దయ్యం” అంటే ఊరికే, పనీపాటా లేకుండా తిరుగుతున్నట్టుంది. “నడయాడే” అని కూడా ప్రయత్నించాను. అది మరీ ఉపన్యాసంలా ఉంది, “మహానుభావులు నడయాడిన నేల” అన్నట్టు. ఇంకో చిక్కు, “నడిచే” వదిలేస్తే ఇంటిపేరు పోతుంది. అతను నగరానికి వెళ్ళినప్పుడల్లా పెట్టుకునే పేరు మిస్టర్ వాకర్. పక్కన చుక్క గుర్తు పెట్టి, అది ఆ బిరుదు లోంచి వచ్చిందని గడి అడుగున రాసేవారు. నాన్నకు ఆ చుక్క గుర్తు ప్రాణం.

హైదరాబాద్ నుంచి

ఇంటిపేరు నడకుదుటి అని పెట్టేయండి అక్కా. నడకుదుటి కిట్టయ్య.

ప్రశ్న అడిగినవారు

తమ్ముడూ, నాన్నకు చదివి వినిపించాను. అదే ఖాయం చేయమంటున్నారు.

నవ్వు పక్కన పెడితే, నిన్న రాత్రి రెండో భాగం రాస్తుండగా నాకొకటి తోచింది. పాత కామిక్స్‌లో ఫాంటమ్ తన గురించి తాను గొప్పలు చెప్పుకోడు. చెప్పేది అడవి. “ఫాంటమ్‌కు పది పులుల బలం”, “ఫాంటమ్ అడిగితే జవాబు చెప్పాల్సిందే” లాంటి వాక్యం వేసి, కింద “అడవిలో పాత సామెత” అని రాసేవారు. “చావులేని మనిషి” అన్న మాటా అలా నోటి నుంచి నోటికి పాకిందే. చచ్చినవాడు చచ్చినట్టు ఎవరికీ తెలియదు. కొడుకు అవే బట్టలు వేసుకుని గుహలోంచి బయటికి వస్తాడు, మిగతా పని జనం నోరు చేసి పెడుతుంది.

కొత్త కథలో బట్టలు మార్చారు, ఊరు మార్చారు. ఫాంటమ్ స్నేహితుడు గురాన్‌ను ఆడమనిషిని చేశారు (ఆ పాత్ర మాత్రం బాగుంది). ఇవేవీ నన్ను బాధించలేదు. కానీ ఆ కుర్రాడికి తన వంశం గురించి చెప్పేది అడవి కాదు, ఒక రహస్య సంస్థ. చెప్పుకునేవాళ్ళు లేరు, తెలిసినవాళ్ళే ఉన్నారు. అందుకే ఆ బిరుదు వచ్చిన ప్రతిసారీ నా తెలుగు అతకడం లేదు. నేను తప్పును మాటలో వెతుకుతున్నాను.

మాస్టారు

నువ్వు వెతుకుతున్నది నామవాచకం కాదమ్మా. “ట”.

ఇంగ్లీషులో “అడవిలో పాత సామెత” అని ఒక వాక్యం కింద ఇంకో వాక్యం రాస్తే గాని చెప్పలేనిది మనకు ఒక్క అక్షరంలో ఉంది. “పది పులుల బలమట.” “చావు లేదట.” నేను చూడలేదు, పూచీ పడను, కానీ విన్నాను, నువ్వూ విను అని అందులోనే వచ్చేసింది. పుకారుకూ, పురాణానికీ ఇద్దరికీ అదే తోక. సామెత కూడా కాదు అది, వినికిడి.

లింగం గొడవా తీరుతుంది. “నడిచే దయ్యమట” అని ఆపేయవచ్చు, క్రియ అక్కరలేదు. వచ్చాడో వచ్చిందో తర్వాతి వాక్యంలో “ఫాంటమ్ వచ్చాడు” అనుకో.

ఖరగ్‌పూర్ నుంచి

క్రియ ఉంచినా ఒక్కచోట మాత్రం తప్పు కాదు మాస్టారూ. 17వ ఫాంటమ్ గాయపడి పడుకుంటే అతని కవల చెల్లెలు జూలీ ముసుగు వేసుకుని బయల్దేరింది. అక్కడ “నడిచే దయ్యం వచ్చింది” అంటే వ్యాకరణం, కథ రెండూ సరిపోతాయి. తెలుగులో ఆడవాళ్ళకూ, దయ్యాలకూ ఒకే క్రియ పెట్టిన పెద్దలకు ఆ ఒక్క కథలో మాత్రం దణ్ణం.

ప్రశ్న అడిగినవారు

ఆ పెద్దల సంగతి వేరే రోజు తేల్చుకుందాం!

మాస్టారూ, ఈ పొద్దున మొదటి భాగంలో మూడు చోట్ల “ట” పెట్టి నాన్నకు చూపించాను. మొదటిసారి “నడిచే దయ్యమట” అని రాగానే కుర్చీలో ముందుకు జరిగారు. రెండోసారి ఏమీ అనలేదు. మూడోసారి బొమ్మ ఆపమన్నారు. తెర మీద నలుగురు మనుషులు గాజు గోడల గదిలో కంప్యూటర్ల ముందు కూర్చుని ఉన్నారు.

“అట అంటున్నావు సరే,” అన్నారు, “ఇక్కడ ఎవరు చెప్పారట?”

ఆ మూడోది తీసేశాను.