తక్కువ ఫ్రీక్వెన్సీలో కోర్ నష్టం ఎందుకు ఎక్కువ చూపిస్తోంది?

1 కేవీఏ, 230/115 వోల్టుల సింగిల్ ఫేజ్ ట్రాన్స్‌ఫార్మర్‌లో కోర్ నష్టాన్ని హిస్టెరిసిస్ (కోర్ అయస్కాంతత్వం పదేపదే దిశ మారడం వల్ల పోయేది), ఎడ్డీ కరెంట్ (కోర్‌లోనే పుట్టే సుడి కరెంట్ల వల్ల పోయేది) నష్టాలుగా విడదీసే ప్రయోగం చేస్తున్నాను. డీసీ మోటార్‌తో తిరిగే 4 పోల్ ఆల్టర్నేటర్ నుంచి 115 వోల్టుల వైపు సప్లై ఇచ్చి, రెండో వైపు ఓపెన్‌గా వదిలాను. కోర్‌లో ఫ్లక్స్ మారకూడదు కాబట్టి వోల్టేజ్‌ను ఫ్రీక్వెన్సీతో భాగిస్తే ప్రతిసారీ 2.3 వచ్చేలా చూసుకున్నాను.

వాట్‌మీటర్‌లో కోర్ నష్టం 50 హెర్ట్జ్ దగ్గర 30 వాట్లు, 45 దగ్గర 26.1, 40 దగ్గర 22.4. వాట్లను ఫ్రీక్వెన్సీతో భాగించి గ్రాఫ్ గీస్తే ఇంతవరకు చక్కని సరళరేఖ. దాన్ని సున్నా వరకు పొడిగిస్తే 0.40 వస్తోంది, అంటే 50 హెర్ట్జ్ దగ్గర హిస్టెరిసిస్ 20 వాట్లు, ఎడ్డీ 10 వాట్లు. నమ్మదగ్గ లెక్కే అనిపిస్తోంది.

చిక్కంతా ఆ తర్వాతే. 35 హెర్ట్జ్ (80.5 వోల్టులు) దగ్గర 18.9 రావాల్సింది 20.3 వస్తోంది. 30 హెర్ట్జ్ (69 వోల్టులు) దగ్గర 15.6 బదులు ఏకంగా 18! గీత పైకి వంగిపోతోంది.

నో లోడ్ కరెంట్ 0.4 ఆంపియర్లు, వైండింగ్ రెసిస్టెన్స్ 0.3 ఓమ్‌లు కాబట్టి కాపర్ నష్టం 0.05 వాట్లే, అది కారణం కాదు. మామూలు వాట్‌మీటర్ తీసేసి లో పవర్ ఫ్యాక్టర్ వాట్‌మీటర్ పెట్టినా అవే రీడింగులు. స్పీడ్‌ను టాకోమీటర్‌తో సరిచూశాను, 30 హెర్ట్జ్‌కి సరిగ్గా 900 ఆర్‌పీఎం. వోల్ట్‌మీటర్ మాత్రం మూవింగ్ ఐరన్ రకం, దాన్నింకా మార్చలేదు.

ఈ ప్రయోగం చేయించిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి: 40 హెర్ట్జ్ కిందే ఇలా నష్టం పెరిగినట్టు కనిపించడానికి ఆల్టర్నేటర్ వేవ్‌ఫామ్ కారణమా, మీటర్ కారణమా, దాన్ని ఎలా తేల్చుకోవాలి?