డిప్లొమాతో ఆగిపోయాను, ఉద్యోగం మానకుండా బీటెక్ చేసే దారి ఉందా?

అందరికీ నమస్కారం. మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. మెకానికల్ డిప్లొమా చేసి, ఆరేళ్లుగా పైడిభీమవరంలో ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ పని చేస్తున్నాను. నా తర్వాత చేరిన బీటెక్ కుర్రాళ్లు ఇంజనీర్లయిపోయారు. నేనింకా పంపులకు సీళ్లు మారుస్తున్నాను. (పంపు పాడైతే వాళ్లు పిలిచేది నన్నే, అది వేరే సంగతి.)

కిందటి నెల ఒకాయన "దూరవిద్యలో బీటెక్, పరీక్షలకు వస్తే చాలు" అంటూ పదివేలు అడ్వాన్స్ అడిగాడు. ఇచ్చేసేవాడినే, మా బావ ఆపాడు. దూరవిద్య ఇంజనీరింగ్ డిగ్రీని ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ) గుర్తించదట. కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు ఇచ్చిన అలాంటి డిగ్రీలను 2017లో సుప్రీంకోర్టు తప్పుబట్టిందట. పోనీ ఏఎంఐఈ (కాలేజీకి వెళ్లకుండా ఇంజనీర్ల సంస్థ పెట్టే పరీక్షలు రాసి పాసయ్యేది) అనుకుంటే, 2013 మే 31 తర్వాత చేరినవాళ్లకు బీటెక్‌తో సమానమనే ఆ పాత గుర్తింపు లేదు.

ఈసెట్ (డిప్లొమా వాళ్లకు పెట్టే ప్రవేశ పరీక్ష) రాస్తే నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. కానీ ఉద్యోగం మానాలి, ఇంట్లో నా జీతమే ఆధారం.

ఇక మిగిలింది ఉద్యోగుల కోసం ఏఐసీటీఈ 2023లో తెచ్చిన బీటెక్. క్లాసులు సాయంత్రాలు, సెలవు రోజుల్లో పెట్టుకోవచ్చంటున్నారు. విజయనగరం, శ్రీకాకుళం వైపు మెకానికల్‌లో ఇది నడుపుతున్న కాలేజీ ఉందా? లేక విశాఖ వెళ్లాల్సిందేనా? నాకు వారం వారం షిఫ్టు మారుతుంది, బి షిఫ్టు (మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా) పడితే సాయంత్రం క్లాసుకు ఎలా వెళ్లడం? హాజరు దగ్గర ఏమైనా సర్దుబాటు చేస్తారా? కంపెనీ నుంచి ఏ కాగితాలు అడుగుతారు? అదే పెద్ద టెన్షన్, మా మేనేజర్ ఒక పట్టాన సంతకం పెట్టడు.

నిజంగా చదువుతున్నవాళ్లు చెప్పండి. ఏజెంట్లు వద్దు, ఒకాయన చాలు.