1912–1926 మధ్య మహారాజా కిషన్ ప్రసాద్: ఏ దస్త్రాల్లో వెతకాలి?

ఆరో, ఏడో నిజాంలిద్దరి వద్దా దివాన్‌గా, అంటే ప్రధానమంత్రిగా, పనిచేసి, ‘షాద్’ అనే కలం పేరుతో ఉర్దూ కవిత్వం రాసిన మహారాజా కిషన్ ప్రసాద్ జీవితక్రమాన్ని తెలుగులో రాస్తున్నాను. 1912లో ఆయన దివాన్ పదవి వదిలినప్పటి నుంచి 1926లో మళ్లీ ఆ స్థానానికి వచ్చేవరకు గల పద్నాలుగేళ్ల దగ్గర నా పని ఆగిపోయింది. హైదరాబాదులోని రెండు గ్రంథాలయాల్లో మూడు వారాలుగా నేను చూసిన తెలుగు, ఇంగ్లీషు పుస్తకాలన్నీ ఆ కాలాన్ని ఒక్క వాక్యంలో దాటేశాయి. అంతటి మనిషి విషయంలో ఇది బాధ కలిగించింది. అప్పటి కచేరీ భాష ఉర్దూ కనుక, ఆ భాష తెలిసిన మిత్రుని చేత దస్త్రాల జాబితాలు చదివించినా, దివాన్ హోదాకు సంబంధించినవే దొరికాయి. తన పూర్వికుడు చందూలాల్ నిర్వహించిన పేష్కారు (దివాన్ కింది మంత్రి) పదవిలో కిషన్ ప్రసాద్ ఆ మధ్యకాలమంతా కొనసాగారో లేదో తేల్చే కాగితాలను ఏ శాఖ దస్త్రాల్లో వెతకాలో, వాటిని చూసినవారు దయచేసి చెప్పగలరా?