గ్రీన్ టీలోని పదార్థం హెర్పిస్ వైరస్‌ని పూర్తిగా పోగొడుతుందా?

నీలిపిట్ట:
గ్రీన్ టీలో ఉండే ఈజీసీజీ అనే పదార్థం, పెదవి పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్ హెచ్‌ఎస్‌వీ-1ని నిర్వీర్యం చేస్తుందని ఒక పరిశోధన పేపర్‌లో చదివాను. మా చెల్లికి జ్వరం వచ్చినా, ఎండలో తిరిగినా పెదవి అంచున నీటి పొక్కులు లేస్తాయి, నోరు తెరవాలన్నా మంటే. ఎసైక్లోవిర్ అనే వైరస్ మందుతో తగ్గుతాయి, మళ్లీ వస్తాయి, ఏడాదికి 4-5 సార్లు. ఈ పదార్థంతో వైరస్ పూర్తిగా పోతుందా? ఆ పేపర్ గ్రాఫ్‌లో వైరస్ గీత దాదాపు సున్నాకి పడిపోయింది, అందుకే ఆశ పుట్టింది.

ప్లేటు_గుంతలు:
ప్రయోగం ఎలా చేశారో చూడండి. వైరస్‌ని, పదార్థాన్ని ముందే కలిపి ఉంచి తర్వాత కణాల మీద పోశారా, లేక వైరస్ కణాల్లోకి దూరాక వేశారా? ఈజీసీజీ ముఖ్యంగా కణం బయట ఉన్న వైరస్ పై పొరని దెబ్బతీస్తుంది. ల్యాబ్‌లో ప్లాక్ అస్సే (వైరస్ ఎంత ఉందో లెక్కగట్టే పరీక్ష) చేసేటప్పుడు ఊదా రంగు వేసి, మధ్యలో తెల్లగా మిగిలిన చుక్కలు లెక్కపెట్టేవాళ్లం, ఒక్కో చుక్క వైరస్ చంపిన కణాల జాగా. ఒక పదార్థాన్ని ముందే కలిపితే ఒక్క చుక్కా లేదు, అదే వైరస్ కణాల్లోకి దూరాక గంట ఆగి వేస్తే చుక్కలే చుక్కలు! ఆ మోతాదు కణాలకే విషం కాదు కదా అన్నదీ చూడాలి, కణాలు చచ్చినా వైరస్ పెరగదు మరి.

మందులషాపు_పాప:
పూర్తిగా పోవడం మాత్రం ఎసైక్లోవిర్‌తో కూడా కాదండి. దాన్ని మొదట చురుగ్గా మార్చేది వైరస్ సొంత ఎంజైమ్ థైమిడిన్ కైనేజ్, అందుకే వైరస్ పెరుగుతున్న కణాల్లోనే మందు గట్టిగా పనిచేసి డీఎన్ఏ తయారీని ఆపేస్తుంది. ఇలాంటి మందులకు దారి వేసిన శాస్త్రవేత్త గెర్ట్రూడ్ ఎలియన్‌కి 1988లో నోబెల్ వచ్చింది, ఎంత అందమైన ఆలోచనో! కానీ పొక్కు మానాక వైరస్ ముఖం నరాల ముడిలో నిద్రపోతుంది, అక్కడ డీఎన్ఏ తయారీయే లేదు కాబట్టి మందుకు పనిలేదు. మాత్రగా మింగిన ఎసైక్లోవిర్‌లో ఒంటికి పట్టేది 10 నుంచి 20 శాతమే, వాలసైక్లోవిర్ రూపంలో ఇస్తే 50 శాతం పైనే. ఇన్నిసార్లు వస్తోంది కదా, రోజూ వేసుకునే పద్ధతి గురించి డాక్టర్‌ని అడగండి. కన్ను ఎర్రబడి నొప్పి పెడితే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు.

నీలిపిట్ట:
ఇప్పుడే చూశాను, ముందే కలిపి ఉంచారు, గంటసేపు. అంటే కణాల్లోకి దూరిన వైరస్ మీద పనిచేస్తుందని అది చూపలేదన్నమాట. చెల్లిని అడిగితే పొక్కు లేచే ముందు రోజు పెదవి చురచురలాడుతుందట, తను మాత్రం పొక్కు కనబడ్డాకే మందు మొదలుపెడుతోంది.

మందులషాపు_పాప:
ఆ చురచుర మొదలైన పూటే వేసుకోవాలండి. డాక్టర్ రాసిన మాత్రలు ముందే తెచ్చి దగ్గర పెట్టుకోమనండి.