టెక్సస్ నంబర్ సెన్స్ పోటీలో జట్టు ఎలా నెగ్గుతుంది? అనుభవం ఉన్నవారు చెప్పండి

ఫ్రిస్కో అమ్మ
అందరికీ నమస్కారం. మా అమ్మాయి చదివే హైస్కూలు జట్టు ఈసారి యూఐఎల్ (టెక్సస్ బడుల మధ్య పోటీలు నడిపే సంస్థ) వారి నంబర్ సెన్స్‌లో, అంటే మనసులోనే లెక్కలు చేసే పోటీలో, జిల్లా, రీజియన్ పోటీలు దాటి, ఆస్టిన్‌లో జరిగిన రాష్ట్ర పోటీకి వెళ్లి పతకం తెచ్చింది. ఇంట్లో పండగే. నాకు అర్థం కానిదల్లా ఒకటే. ఆ పిల్లల్లో ఎవరికీ వ్యక్తిగత పతకం రాలేదు, జట్టుకు మాత్రం వచ్చింది! ఆగస్టులో తొమ్మిదో తరగతికి వెళ్లే మా చిన్నవాడు తానూ చేరతానంటున్నాడు. ఏం నేర్పించాలి, ఎలా నేర్పించాలి?

కేటీ నాన్న
అభినందనలండీ. జట్టులో నలుగురు ఉంటారు, ఎక్కువ మార్కులు వచ్చిన ముగ్గురివి మాత్రమే కలుపుతారు. ఒక జట్టులో 310, 260, 140 వచ్చాయనుకోండి, మొత్తం 710. ఇంకో జట్టులో 250, 240, 235 వస్తే 725. మొదటి జట్టులోని 310 పిల్లవాడి పేరు ఊరంతా మారుమోగుతుంది, కప్పు మాత్రం రెండో జట్టు ఎత్తుకుపోతుంది. మా బడిలో మూడేళ్లుగా చూస్తున్నాను, గెలుపోటములు తేలేది మూడో పిల్లవాడి దగ్గరే. తల్లిదండ్రులం అందరం మొదటివాడి చుట్టూ తిరుగుతాం, అది వేరే సంగతి.

తెనాలి లెక్కల మాస్టారు
నేను పదవీ విరమణ చేసిన లెక్కల ఉపాధ్యాయుణ్ణి. డాలస్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు మనవడి ప్రశ్నపత్రం చూసి నోరు తెరిచాను. పది నిమిషాలు, 80 ప్రశ్నలు! చిత్తు కాగితం ఉండదు, పక్కన ఒక్క అంకె కూడా వేయకూడదు. రాసిన జవాబు దిద్దినా, దాని మీద మళ్లీ రాసినా తప్పు కిందే లెక్క. అందుకే వాడు పెన్సిల్ జోలికి పోకుండా నేరుగా పెన్నుతోనే రాస్తాడు. 63ను 67తో గుణించమంటే నేను మనసులో వరసలు పేర్చుకునేలోపే 4221 అని రాసి కింది ప్రశ్నకు పోయాడు. పదుల స్థానం ఒకటే, ఒకట్లు కలిపితే పది. కాబట్టి పదుల స్థానంలోని ఆరును దాని తర్వాతి అంకె ఏడుతో గుణిస్తే 42, ఒకట్ల స్థానాల్లోని మూడును ఏడుతో గుణిస్తే 21. అంతే.

అమ్మా, మీ చిన్నవాడికి ముందు ఇరవయ్యో ఎక్కం దాకా తడుముకోకుండా రావాలి. ఆ పైన 30 దాకా వర్గాలు, 12 దాకా ఘనాలు. మన చిన్నప్పుడు పంతులుగారి బెత్తానికి భయపడి వల్లెవేసినవే ఇవన్నీ. బెత్తం అక్కర్లేదు కానీ వల్లెవేయడం తప్పదు.

ప్లానో ఇంజనీరు
మాస్టారూ, క్షమించాలి. ఇది వేగమే తప్ప గణితం కాదని నా అభిప్రాయం. ఏఎంసీ 12 అనే హైస్కూలు గణిత పోటీలో 25 ప్రశ్నలకు 75 నిమిషాలు ఇస్తారు, ఆలోచించడానికి వ్యవధి ఉంటుంది. చిట్కాలు బట్టీ పట్టిన పిల్లలు అక్కడ చతికిలబడడం నా కళ్లారా చూశాను.

తెనాలి లెక్కల మాస్టారు
బాబూ, చిట్కా ఎందుకు పనిచేస్తుందో అడగకపోతే మీరన్నదే నిజం. అడిగితే అదే బీజగణితం. 60+3ను 60+7తో గుణించి చూడండి. 3600కు 600 కలిసి 4200 అవుతుంది, మిగిలింది 21. మనవడి చేత ప్రతి చిట్కాకూ ఇలా కారణం రాయించాను. వాడికి విసుగే, అయినా రాశాడు.

ఆస్టిన్ పూర్వ విద్యార్థి
నేను హైస్కూల్లో ఈ జట్టులో ఆడాను, సాధారణంగా మూడో స్థానంలో! కేటీ నాన్నగారి మాటకు నాదో చేర్పు. మార్కులు పోయేది ఎక్కువగా వదిలేసిన ప్రశ్నల వల్లే. ఒప్పుకు 5 కలుస్తాయి. చివరగా రాసిన ప్రశ్న వరకు తప్పయినా, ఖాళీగా వదిలినా 4 పోతాయి. 50వ ప్రశ్న దాకా వెళ్లి 46 ఒప్పులు చేస్తే 214. అవే 46 ఒప్పుల కోసం గెంతుకుంటూ 60 దాకా పోతే 174. అంటే 40 మార్కులు గాలికి పోయినట్టే. ప్రశ్నలు పోనుపోను కష్టమవుతాయి కాబట్టి వెనక తేలిక ప్రశ్న దొరుకుతుందనే ఆశ మీద గెంతకూడదు.

మా కోచ్ సాధన పరీక్ష అయ్యాక మా పత్రాలను ఒకరివి ఒకరికి ఇచ్చేవారు. నేను ప్రతిసారీ భూమి (బేస్) మార్పిడి లెక్కల దగ్గర, అంటే పదుల బదులు వేరే సంఖ్య లెక్కన రాసిన సంఖ్యను మామూలు సంఖ్యగా మార్చే చోట, ఆగిపోతున్నానని కనిపెట్టింది మా జట్టులో మొదటి అమ్మాయి. 5 భూమిలో 143 అంటే 25, 20, 3 కలిపి 48 అని బస్సులో వెళుతూ నాకు నేర్పింది. తనకు దాని వల్ల ఒక్క మార్కూ పెరగదు, జట్టుకు పెరిగింది.

ప్లానో ఇంజనీరు గారూ, యూఐఎల్‌లోనే మ్యాథమెటిక్స్ అని వేరే పోటీ ఉంది. 40 నిమిషాలు, 60 ప్రశ్నలు, కాలిక్యులేటర్ వాడవచ్చు. ఒప్పుకు 6, తప్పుకు 2 పోతాయి, వదిలేస్తే ఏమీ పోదు. నంబర్ సెన్స్ అలవాటున్నవాడికి అక్కడ చేతిలో సమయం మిగులుతుంది.

ప్లానో ఇంజనీరు
వదిలేస్తే మార్కు పోదన్న తేడా నాకు తెలియదు. మావాడికి ముందుగా ఆ పోటీనే చూపిస్తాను.

ఫ్రిస్కో అమ్మ
అందరికీ ధన్యవాదాలు. ప్రతి పదో ప్రశ్నకు పక్కన నక్షత్రం గుర్తు ఉందేమిటని చిన్నవాడు అడుగుతున్నాడు.

ఆస్టిన్ పూర్వ విద్యార్థి
అవి ఉజ్జాయింపు ప్రశ్నలు. అసలు జవాబుకు అటూ ఇటూ 5 శాతం లోపు ఏ పూర్ణసంఖ్య రాసినా ఒప్పే. కచ్చితంగా రావాలని వాటి దగ్గర కూర్చుంటే గడియారం ఆగదు. పాత ప్రశ్నపత్రాల్లో ఆ ఎనిమిదింటినే విడిగా చేయించండి. బడి తెరిచే నాటికి చెయ్యి తిరుగుతుంది.