మట్టి శ్వాస కొలిస్తే లెక్క తిరగబడింది, ఎక్కడ తప్పుతున్నాను?

మట్టి పరీక్షలు చేసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. మట్టి శ్వాస, అంటే మట్టిలోని సూక్ష్మజీవుల వంటివి వదిలే కార్బన్ డయాక్సైడ్, ఎంతో కొలిచి వేరుశనగ చేను మట్టినీ, పక్కనే ఏళ్లుగా దున్నని చింతతోపు మట్టినీ పోలుస్తున్నాను. మూత బిగించిన సీసాలో 50 గ్రాముల తడి మట్టి, చిన్న గిన్నెలో ఆ గ్యాస్‌ను పీల్చుకునే సోడియం హైడ్రాక్సైడ్, మర్నాడు అందులో బేరియం క్లోరైడ్ కలిపి, ఫినాఫ్తలీన్ గులాబీ రంగు పోయేదాకా హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో టైట్రేషన్ (ఇంకా ఎంత హైడ్రాక్సైడ్ మిగిలిందో కొలవడం). మట్టి లేని ఖాళీ సీసా కూడా పెట్టాను. తోపు మట్టే ఎక్కువ వదులుతుందనుకున్నా, తీరా చూస్తే చేను మట్టే ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ వదిలింది! చేను మట్టి బాగా ఎండి ఉంది, తడపగానే సూక్ష్మజీవులు ఒక్కసారిగా లేస్తాయి కదా, అందువల్లేనా? అయితే వారం ముందే తడిపి ఉంచి మొదలుపెట్టాలా? ఇంకోటి, చేను మట్టిలో సున్నపు గడ్డలున్నాయి, ఆమ్లం చుక్క వేస్తే బుసబుసా పొంగుతోంది. సీసాలో ఆ సున్నం నుంచి వచ్చే గ్యాస్ కూడా శ్వాస లెక్కలో కలిసిపోతుందా? మా గైడ్‌ను అడగాలంటే టెన్షన్, సోమవారం లెక్కలు చూపించాలి.