న్యూరాన్ ఎంత తేలిగ్గా ఫైర్ అవుతుందో డిసైడ్ చేసేది జీన్ రెగ్యులేషనా, చానల్సా?

స్పైక్‌ట్రెయిన్: ఈ మధ్య సింగిల్ సెల్ ఆర్‌ఎన్‌ఏ డేటా (ఒక్కో సెల్‌లో ఏ జీన్ ఎంత వాడకంలో ఉందో చెప్పే లెక్క) చూపించి, ఈ న్యూరాన్‌లో ఫలానా పొటాషియం చానల్ (సెల్ పొరలో పొటాషియం అయాన్లు పారే ద్వారం) జీన్ వాడకం ఎక్కువుంది కాబట్టి ఇది అంత తొందరగా ఫైర్ అవ్వదు, అంటే కరెంట్ సిగ్నల్ కొట్టదు అని తేల్చేస్తున్నారు, నాకైతే నమ్మబుద్ధి కావట్లేదు. చానల్‌కి ఒక ఫాస్ఫేట్ తగిలితే చాలు, నిమిషాల్లో థ్రెషోల్డ్ (ఫైర్ అవ్వాలంటే దాటాల్సిన గీత) మారిపోతుంది. అదే జీన్ ఆన్ అయ్యి, ఎంఆర్‌ఎన్‌ఏ తయారై, ప్రొటీన్ మెంబ్రేన్ దాకా వచ్చేసరికి గంటలు పడుతుంది. అంత స్లో దానికి క్రెడిట్ ఎందుకు?

కాల్షియంవేవ్: స్లో అయితే ఏంటండీ? ఫాస్ఫేట్ తగలాలన్నా అక్కడ ముందు చానల్ ఉండాలి కదా, ఎన్ని ఉండాలో చెప్పేది ఎవరు? డ్రావే సిండ్రోమ్ అనే పిల్లల ఫిట్స్ జబ్బు చూడండి, ఎస్‌సీఎన్‌1ఏ జీన్‌కి ఉన్న రెండు కాపీల్లో ఒకటి పాడైతే ఆ సోడియం చానల్ దాదాపు సగానికి పడిపోతుంది. సోడియం చానల్ తగ్గితే మెదడు చల్లబడాలి అనుకుంటాం, కానీ పిల్లలకి ఫిట్స్ వస్తాయి, ఎందుకంటే ఆ చానల్ మీద ఎక్కువగా ఆధారపడేది మిగతావాటిని ఆపే ఇన్హిబిటరీ న్యూరాన్లు, బ్రేకులే ఫెయిలైనట్టు. అందుకే కార్బమజపీన్ లాంటి సోడియం చానల్ బ్లాకర్లు వీళ్లకి ఇస్తే ఫిట్స్ ఇంకా ముదిరే ప్రమాదం.

స్పైక్‌ట్రెయిన్: అది మ్యుటేషన్ బ్రో, రెగ్యులేషన్ కాదు. రెండూ కలిపేస్తే ఎలా?

కాల్షియంవేవ్: జబ్బు మ్యుటేషన్ వల్లే, ఒప్పుకుంటా. కానీ దానికి ట్రయల్స్‌లో ఉన్న యాంటీసెన్స్ మందు (ఆర్‌ఎన్‌ఏకి అతుక్కునే చిన్న ముక్క) పాడైన కాపీని బాగుచెయ్యదు. మంచి కాపీ నుంచి వచ్చే ఆర్‌ఎన్‌ఏలో కొంత భాగం ఒక పాయిజన్ ఎక్సాన్ (చేరితే ఆ ఆర్‌ఎన్‌ఏని పనికిరాకుండా చేసే ముక్క) చేరి వేస్ట్ అయిపోతుంటుంది, ఈ మందు ఆ ఎక్సాన్‌ని చేరనివ్వదు, దాంతో పనికొచ్చే చానల్ పెరుగుతుంది. ఎలుకల్లో ఫిట్స్ తగ్గాయి, చావులూ తగ్గాయి. ఇది రెగ్యులేషన్ కాకపోతే ఇంకేంటి?

స్పైక్‌ట్రెయిన్: సరే, లాబ్‌స్టర్ సంగతేంటి మరి? 2003లో దాని పొట్టని నడిపే న్యూరాన్లలోకి షాల్ అనే పొటాషియం చానల్ ఆర్‌ఎన్‌ఏ ఎక్కించారు. ఏ-కరెంట్ (ఆ చానల్ గుండా పారి ఫైరింగ్‌ని వెనక్కి లాగే కరెంట్) బాగా పెరిగింది, ఫైరింగ్ మాత్రం దాదాపు మారలేదు, ఎందుకంటే దానికి ఎదురుపని చేసే, అంటే ఆ న్యూరాన్‌ని ఫైరింగ్ వైపు నెట్టే ఐహెచ్ అనే కరెంట్ కూడా పెరిగింది. 2006లో పీతల్లో చూస్తే ఒకే రకం న్యూరాన్‌లో ఎంఆర్‌ఎన్‌ఏ ఒక జంతువుకీ ఇంకోదానికీ రెండు నుంచి నాలుగు రెట్లు తేడా ఉంది, అయినా పని మామూలుగానే నడుస్తోంది. ఒక్క జీన్ చూసి జాతకం చెప్పేవాళ్లు దీనికి ఏం చెప్తారు?

కాల్షియంవేవ్: ఒక్క జీన్‌తో తేల్చకూడదు, అక్కడ మీతోనే ఉన్నా. కానీ అదే 2003 పేపర్‌లో కరెంట్ పారనివ్వని మ్యూటెంట్ షాల్ ఎక్కించినా ఐహెచ్ పెరిగింది, అది మీరు వదిలేశారు. ఫైరింగ్ మారకుండానే జోడీ చానల్ పెరిగిందంటే సెల్ తన యాక్టివిటీని కొలుచుకుని సర్దుకుంటోంది అనే కథ ఒక్కటే సరిపోదు, ఆ రెండు చానల్స్‌నీ కలిపి నడిపే లెక్కేదో లోపల ఉంది. ఇక పీతల పేపర్‌లో షాల్ ఎంఆర్‌ఎన్‌ఏ ఎక్కువున్న సెల్‌లో దాని కరెంట్ కూడా ఎక్కువే. అంటే ఆర్‌ఎన్‌ఏ కరెంట్‌ని చెప్తోంది, ఫైరింగ్‌ని చెప్పట్లేదు అంతే.

రాత్రిబండి: మధ్యలో వస్తున్నా, ఒక డౌట్. ఫిట్స్ వచ్చాక జీన్సే మారిపోతాయా? ఒకసారి వస్తే మళ్లీ మళ్లీ రావడానికి అదే కారణమా?

కాల్షియంవేవ్: జీన్ సీక్వెన్స్ మారదండీ, దాని వాడకం మారుతుంది. ఎలుకల్లో కైనిక్ యాసిడ్‌తో ఫిట్స్ తెప్పిస్తే రెస్ట్ అనే రిప్రెసర్ (జీన్స్‌ని అణిచే ప్రొటీన్) పెరిగి హెచ్‌సీఎన్‌1 అనే, అక్కడి న్యూరాన్లు అతిగా ఫైర్ కాకుండా చూసే చానల్ జీన్ మీద కూర్చుంటుంది, చానల్ తగ్గిపోతుంది. 2011లో రెస్ట్‌కి డెకాయ్ డీఎన్‌ఏ ముక్కలు ఎర వేసి దాన్ని జీన్ దగ్గరికి రాకుండా చేస్తే చానల్ తిరిగి పెరిగింది, తర్వాత వచ్చే ఫిట్స్ తగ్గాయి.

స్పైక్‌ట్రెయిన్: ఎక్స్‌పరిమెంట్ మంచిదే. కానీ రెస్ట్ ఒక్క హెచ్‌సీఎన్‌1 మీదే కూర్చోదు కదా, దాని లిస్ట్‌లో ఇంకా చాలా న్యూరాన్ జీన్స్ ఉన్నాయి. ఎర వేసి రెస్ట్‌ని లాగేస్తే వాటిల్లో కొన్ని కూడా లేస్తాయి, మరి ఫిట్స్ తగ్గింది హెచ్‌సీఎన్‌1 వల్లే అని ఎలా అంటారు? హెచ్‌సీఎన్‌1 ఒక్కటే తిరిగి పెంచి, మిగతావి అలాగే ఉంచి, ఫిట్స్ తగ్గాయని చూపిస్తే అప్పుడు మాట్లాడదాం.